బర్మింగ్‌హామ్ నుంచి పసడీనా దాకా: అలబామా బౌల్ ఆటల వెంట

డిసెంబర్ 27, 2023, బుధవారం – బర్మింగ్‌హామ్

జనవరి 1న కాలిఫోర్నియాలోని పసడీనాలో జరిగే రోజ్ బౌల్ అనే కాలేజీ ఫుట్‌బాల్ ఆటలో మిషిగన్ విశ్వవిద్యాలయంతో ఆడేది అలబామా విశ్వవిద్యాలయం అని ఈ నెల మొదటి వారంలో తేలగానే మా అక్క కొడుకు చరణ్ ఫోన్ చేశాడు. "మామయ్యా, పసడీనాకు విమానం వద్దు, రైల్లో పోదాం" అన్నాడు. ఎందుకలా అన్నాడో నాకు వెంటనే అర్థమైంది. 1925 డిసెంబర్‌లో అలబామా జట్టు తన మొట్టమొదటి బౌల్ ఆటకు వెళ్లింది రైల్లోనే. నేను 2009లో ఆ విశ్వవిద్యాలయం ఉన్న టస్కలూసాలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు ఈ జట్టు మీద పడ్డ అభిమానం ఇప్పటికీ తగ్గలేదు. ఇప్పుడు వాడు అదే క్యాంపస్‌లో చదువుతున్నాడు.

ఈ ఆట గురించి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఇది అమెరికన్ ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి, వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లది. బంతిని అవతలివాళ్ల గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్. ఆట నాలుగు క్వార్టర్లు. సెప్టెంబర్ నుంచి నవంబర్ చివరిదాకా కాలేజీ జట్లు ఎక్కువగా తమ ప్రాంతపు కాన్ఫరెన్స్‌లోని జట్లతోనే ఆడతాయి. బాగా ఆడినవాటిని సంవత్సరం చివర్లో, కొత్త సంవత్సరం మొదట్లో, కాస్త వెచ్చగా ఉండే ఊళ్లు పిలిచి దూరప్రాంతపు జట్లతో ఆడిస్తాయి. అవే బౌల్ గేమ్స్. మనకు సంక్రాంతి ఎలాగో ఇక్కడివాళ్లకు జనవరి 1 ఆట అలాగ. చుట్టాలందరూ ఒకచోట చేరతారు, భోజనాలవుతాయి, పాత సంగతులన్నీ బయటికొస్తాయి.

దేశం మొత్తంమీద అందరికంటే ఎక్కువ బౌల్ ఆటలు ఆడిన కాలేజీ అలబామాయే. అభిమానులు బామా అంటారు. లెక్క కంటే నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. మామూలు సీజన్లో బామా ఎక్కువగా ఇరుగుపొరుగు రాష్ట్రాలతోనే తలపడేది. గడప దాటి మిగతా అమెరికా ముందు నిలబడింది బౌల్ ఆటల్లోనే. అక్కడ దేశం ఆ రాష్ట్రాన్ని మెచ్చుకుంది, నిలదీసింది కూడా. ఆ రెండూ తెలియకపోతే ఈ జట్టు చరిత్ర తెలిసినట్టు కాదని నా నమ్మకం.

మధ్యాహ్నం విమానం దిగి నేరుగా ఎల్మ్‌వుడ్ శ్మశానానికి వెళ్లాను. కోచ్ పాల్ బ్రయంట్ సమాధి అక్కడే ఉంది. అందరూ 'బేర్' బ్రయంట్ అంటారు. 1958 నుంచి 1982 దాకా బామాకు కోచ్, ఆరు జాతీయ చాంపియన్‌షిప్‌లు. 1982 డిసెంబర్ 29న మెంఫిస్‌లో లిబర్టీ బౌల్‌లో ఇల్లినాయ్‌ను 21-15తో ఓడించి రిటైరయ్యాడు. నెల తిరగకుండానే, 1983 జనవరి 26న చనిపోయాడు. టస్కలూసా నుంచి బర్మింగ్‌హామ్‌కు ఆయన్ని తీసుకొస్తుంటే హైవే పొడవునా, వంతెనల మీదా జనం నిలబడ్డారు. సమాధి రాయి చాలా సాదాసీదాగా ఉంది. పక్కన ఎవరో తండ్రీకొడుకులు టోపీలు తీసి నిలబడ్డారు. నేనూ చేతులు జోడించాను.

డిసెంబర్ 28, గురువారం – టస్కలూసా

సెలవులు కాబట్టి క్యాంపస్‌లో పిల్లలు లేరు. స్టేడియం ముందు వరసగా ఐదు కంచు విగ్రహాలు: వాలెస్ వేడ్, ఫ్రాంక్ థామస్, బ్రయంట్, జీన్ స్టాలింగ్స్, నిక్ సేబన్. జాతీయ చాంపియన్‌షిప్ గెలిపించిన కోచ్‌లు వీళ్లు. సేబన్ ఇంకా కోచ్‌గా ఉండగానే ఆయన విగ్రహం పెట్టేశారు.

వేడ్ విగ్రహం దగ్గర చాలాసేపు ఉన్నాం. 1926 జనవరి 1 ఆట ఆయనదే. ఆ ఏడాది రోజ్ బౌల్‌కు మొదట పిలిచింది బామాను కాదు. తూర్పున ఉన్న పేరున్న కాలేజీలు రామనడంతో పిలుపు ఇక్కడికొచ్చింది. అంతవరకూ దక్షిణాది జట్టేదీ రోజ్ బౌల్ ఆడలేదు. ప్రత్యర్థి వాషింగ్టన్, వాళ్ల ఆటగాడు జార్జ్ విల్సన్ అంటే అందరికీ హడల్. సగం ఆటకు వాషింగ్టన్ 12-0తో ముందుంది. విల్సన్ దెబ్బ తగిలి బయట కూర్చున్న మూడో క్వార్టర్‌లో బామా కొన్ని నిమిషాల్లోనే 20 పాయింట్లు కొట్టింది. పూలీ హ్యూబర్ట్ ఒక టచ్‌డౌన్, జానీ మాక్ బ్రౌన్ రెండు. విల్సన్ తిరిగొచ్చాక వాషింగ్టన్ మళ్లీ లేచింది, కానీ చివరికి 20-19. ఒక్క పాయింటు. ఆ జానీ మాక్ బ్రౌన్ తర్వాత హాలీవుడ్‌కు వెళ్లి కౌబాయ్ సినిమాల హీరో అయ్యాడు.

అంతర్యుద్ధంలో ఓడి అరవై ఏళ్లు దాటినా ఆ అవమానం మోస్తున్న దక్షిణాది ఈ గెలుపును తన గెలుపుగా చేసుకుంది. రైలు తిరిగొస్తుంటే దారిలో స్టేషన్లలో జనం ఎదురొచ్చారు. విశ్వవిద్యాలయం పాటలో రోజ్ బౌల్ పేరు ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాదీ వెళ్లి స్టాన్‌ఫర్డ్‌తో 7-7 డ్రా చేసుకున్నారు. 1931లో వాషింగ్టన్ స్టేట్ మీద 24-0.

ఆ సంతోషం నిజమైనదే. అయితే అందులో ఈ రాష్ట్రపు నల్లవాళ్లకు చోటు లేదు. జట్టులో లేదు, తరగతిలో లేదు. విగ్రహాల దగ్గర్నుంచి నడిచి ఫాస్టర్ ఆడిటోరియంకు వెళ్లాం. 1963 జూన్ 11న వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరడానికి వస్తే గవర్నర్ జార్జ్ వాలెస్ అడ్డంగా నిలబడింది ఈ తలుపు దగ్గరే. అధ్యక్షుడు కెనెడీ నేషనల్ గార్డ్‌ను తన అధీనంలోకి తీసుకున్నాకే వాలెస్ పక్కకు తప్పుకున్నాడు. అంతకు ఆరు నెలల ముందు, 1963 జనవరి 1న, అదే కెనెడీ మయామీలో ఆరెంజ్ బౌల్ చూడ్డానికి వచ్చాడు. బామా ఓక్లహోమాను 17-0తో ఓడించింది. లీ రాయ్ జోర్డన్ ఒక్కడే 31 టాకిల్స్ చేశాడని, అంటే అన్నిసార్లు ప్రత్యర్థిని పట్టి పడగొట్టాడని చెప్పుకుంటారు. ఆ స్టేడియంలో కెనెడీ చూసిన బామా జట్టంతా తెల్లవాళ్లే.

చరణ్‌కు ఈ తలుపు సంగతి తెలుసు, బౌల్ ఆటలతో దానికున్న లంకె తెలీదు. చెప్పాను. 1959లో బ్రయంట్ బామా కోచ్‌గా తన మొదటి బౌల్‌కు, అప్పట్లో ఫిలడెల్ఫియాలో జరిగే లిబర్టీ బౌల్‌కు జట్టును తీసుకెళ్లాడు. పెన్ స్టేట్ జట్టులో చార్లీ జానరెట్ అనే నల్లజాతి ఆటగాడున్నాడు కాబట్టి ఆడొద్దని ఈ ఊళ్లోని వర్ణవివక్షవాదులు పట్టుబట్టారు. అయినా వెళ్లి ఆడారు, 7-0తో ఓడారు. 1961లో బామా నంబర్ వన్‌గా ఉన్నప్పుడు రోజ్ బౌల్‌కు పిలుస్తారన్న మాట వినిపించింది. లాస్ ఏంజెలెస్‌లో జిమ్ మర్రే అనే క్రీడా రచయిత అలబామా వర్ణవివక్ష మీద పత్రికలో ఘాటుగా రాశాడు, అక్కడి విశ్వవిద్యాలయం యూసీఎల్ఏలో నల్లజాతి విద్యార్థులు నిరసనకు సిద్ధపడ్డారు. చివరికి బామా న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్‌కు వెళ్లి ఆర్కన్సాను 10-3తో ఓడించింది. 1966లో ఒక్క ఆటా ఓడకుండా, షుగర్ బౌల్‌లో నెబ్రాస్కాను 34-7తో చిత్తు చేసినా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకింగ్‌లో మూడో స్థానమే. అప్పట్లో జాతీయ చాంపియన్‌ను ఓట్లతోనే తేల్చేవారు, ఆ ఏడాది ఓట్లు బౌల్ ఆటలకు ముందే పడిపోయాయి. పైనున్న నోటర్ డామ్, మిషిగన్ స్టేట్ రెండూ తమలో తాము ఆడి 10-10తో డ్రా చేసుకున్న జట్లు! తెల్లవాళ్ల జట్టు కాబట్టే ఓట్లు పడలేదని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. ఆ ఆటగాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ తలుపు మూసింది టస్కలూసాలో, ఓట్లు వేసిన చోట కాదు.

1970లో విల్బర్ జాక్సన్‌ను తీసుకున్నారు, స్కాలర్‌షిప్ మీద వచ్చిన తొలి నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు. 1971లో జాన్ మిచెల్ మైదానంలో దిగాడు.

రాత్రి చరణ్ గదిలో పులిహోర కలిపాం, రైలుకు కూడా.

డిసెంబర్ 29, శుక్రవారం – న్యూ ఆర్లీన్స్

చరణ్ స్నేహితులు కొత్త సంవత్సరానికి న్యూ ఆర్లీన్స్ వెళ్తుంటే వాళ్ల కారెక్కాం. మెరిడియన్, హాటీస్‌బర్గ్ మీదుగా దారంతా పైన్ చెట్లు. సాయంత్రానికి సూపర్‌డోమ్ స్టేడియం ముందున్నాం. ఈసారి పసడీనా ఆట జాతీయ చాంపియన్‌షిప్‌కు ఒక సెమీఫైనల్. ఇక్కడ సోమవారం రాత్రి రెండోది, టెక్సస్‌తో వాషింగ్టన్. వీధుల్లో ఒకవైపు నారింజ రంగు చొక్కాలు, ఇంకోవైపు ఊదా రంగు. మా ఎర్రచొక్కాలు చూసి వాషింగ్టన్ వాళ్లొకరు "పసడీనాలో గెలవండి" అన్నారు. 1926 సంగతి ఎత్తబోయి ఊరుకున్నాను.

బామాకు రోజ్ బౌల్ మొదటి ప్రేమైతే షుగర్ బౌల్ ఇల్లు. సూపర్‌డోమ్ కట్టకముందు ఆటలు టులేన్ స్టేడియంలో జరిగేవి, ఇప్పుడది లేదు. 1973 డిసెంబర్ 31న అక్కడే బామా, నోటర్ డామ్ మొదటిసారి తలపడ్డాయి. రెండూ అజేయ జట్లే. చివర్లో నోటర్ డామ్ 24-23తో ముందుంది గానీ బంతి వాళ్ల సొంత గోల్ లైన్ దగ్గర ఇరుక్కుంది. ఆపితే బామాదే ఆట. వాళ్ల టామ్ క్లెమెంట్స్ తన ఎండ్ జోన్‌లోకి, అంటే గోల్ గీత వెనక్కి, వెళ్లి పొడుగ్గా విసిరాడు, ఎవరూ ఊహించని రాబిన్ వెబర్ పట్టుకున్నాడు. అయిపోయింది. కోచ్‌ల ఓటింగ్‌లో అప్పటికే బామాను చాంపియన్‌గా ప్రకటించేశారు! ఈ గొడవ తర్వాతే ఆ ఓటింగ్‌ను బౌల్ ఆటలయ్యాక పెట్టడం మొదలైంది.

ఆ ఓటమి బ్రయంట్‌కు ఒంటరిది కాదు. 1967 సీజన్ నుంచి 1974 దాకా వరసగా ఎనిమిది బౌల్స్‌లో ఒక్కటీ గెలవలేదు. 1975లో సూపర్‌డోమ్‌లో జరిగిన మొదటి షుగర్ బౌల్‌లో పెన్ స్టేట్‌ను 13-6తో ఓడించాకే ఆ శని వదిలింది.

ఇక 1979 జనవరి 1. నంబర్ వన్ పెన్ స్టేట్, నంబర్ టూ బామా. నాలుగో క్వార్టర్‌లో బామా 14-7తో ముందుంది. పెన్ స్టేట్ గోల్ లైన్ దాకా వచ్చేసింది. రెండో ప్రయత్నంలో స్కాట్ ఫిట్జ్‌కీ బంతి పట్టుకుని మూల వైపు తిరిగాడు, టచ్‌డౌనే అనుకుంటుండగా డాన్ మెక్‌నీల్ వచ్చి గోల్‌కు గజం దూరంలో బయటికి నెట్టేశాడు. మూడోసారి మాట్ సూహీని గుంపులో ఆపేశారు. నాలుగోసారి మైక్ గూమన్ పైకి ఎగిరాడు. బారీ క్రాస్ అవతల్నుంచి ఎదురెగిరి గాల్లోనే గుద్దాడు. బంతి గీత దాటలేదు. బామా ఇళ్లల్లో ఆ ఫొటో దేవుడి పటంతో సమానంగా కనిపిస్తుంది. నేను ఎక్కువగా చూసేది మాత్రం మెక్‌నీల్ ఆపిన ఆ ముందు ఆట. ఆ కుర్రాడు నల్లజాతివాడు. పదేళ్ల ముందైతే ఆ చొక్కా వేసుకునే హక్కే ఉండేది కాదు. అతను లేకపోతే క్రాస్ ఎగరాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఇదే కప్పు కింద 1993 జనవరి 1న వరసగా 29 ఆటలు గెలిచొచ్చిన మయామీని స్టాలింగ్స్ జట్టు 34-13తో ఓడించింది. ఒంటరిగా దూసుకుపోతున్న లమార్ థామస్‌ను జార్జ్ టీగ్ వెనకనుంచి తరిమి, పడగొట్టకుండా చేతిలో బంతి లాక్కున్నాడు. పెనాల్టీ వల్ల రికార్డుల్లో ఆ ఆట చెల్లలేదు, కానీ టచ్‌డౌన్ తప్పింది. 2012లో చాంపియన్‌షిప్ ఆటలో లూయిజియానా స్టేట్ (ఎల్ఎస్‌యూ) మీద 21-0 కూడా ఇక్కడే.

డిసెంబర్ 30, శనివారం – సన్‌సెట్ లిమిటెడ్ రైల్లో

పొద్దున తొమ్మిదికి రైలు కదిలింది. సోమవారం తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్ చేరాలి, ఆట మధ్యాహ్నం. మధ్యలో ఏదైనా అయితే ఎలాగన్న టెన్షన్ నాకుంది, చరణ్‌కు లేదు. హ్యూయీ లాంగ్ వంతెన మీద మిసిసిపీ నదిని దాటుతుంటే పెట్టె అంతా కిటికీలకు అతుక్కుపోయింది. తర్వాత లూయిజియానా చిత్తడి నేలలు, చెరకు పొలాలు.

పెద్ద అద్దాలున్న లౌంజ్ పెట్టెలో బామా టోపీలు చాలానే కనిపించాయి. మొబైల్ అనే ఊరి నుంచి వస్తున్న ఒక పెద్దాయన మా పక్కన కూర్చున్నాడు. పులిహోర పెడితే ఇష్టంగా తిని, 1954 కాటన్ బౌల్ ఎత్తాడు. డాలస్‌లో రైస్ కాలేజీతో ఆట. రైస్ ఆటగాడు డికీ మేగల్ అంచున పరిగెత్తుతూ దూసుకుపోతున్నాడు, ముందు ఎవరూ లేరు. బామా బెంచ్ మీద కూర్చున్న టామీ లూయిస్ హెల్మెట్ కూడా లేకుండా లేచి మైదానంలోకి దూకి అతన్ని పడగొట్టేశాడు! రిఫరీ 95 గజాల టచ్‌డౌన్ ఇచ్చేశాడు. రైస్ 28-6తో గెలిచింది. ఎందుకు చేశావంటే తనలో బామా మరీ నిండిపోయిందన్నట్టు చెప్పాడట లూయిస్. అప్పుడు చిన్నపిల్లాడినని, ఇంట్లో పెద్దవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక చూశారని పెద్దాయన గుర్తు చేసుకున్నాడు. లూయిస్ వెంటనే మేగల్‌కు క్షమాపణ చెప్పాడు. ఆ కుర్రాడి మీద నాకు జాలి తప్ప ఇంకేమీ లేదు.

చీకటి పడ్డాక హ్యూస్టన్.

డిసెంబర్ 31, ఆదివారం – టెక్సస్, అరిజోనా ఎడారుల్లో

లేచేసరికి రాళ్లూ ముళ్లపొదలూ. ఆల్పైన్ దగ్గర కొండలు. ఎల్ పాసోలో రైలు కాసేపు ఆగితే దిగి కాళ్లు సాగదీశాం.

ఈ రోజంతా మాట్లాడుకున్నది 1965 ఆరెంజ్ బౌల్ గురించి. రాత్రి దీపాల కింద జరిగిన మొదటి ఆరెంజ్ బౌల్. టెక్సస్ ముందంజలో ఉంది. మోకాలి గాయంతో ఉన్న బామా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపే ఆటగాడు) జో నేమత్ వచ్చి బంతి మీద బంతి విసిరి జట్టును దగ్గరికి తెచ్చాడు. చివరికి గోల్ ముందు నాలుగో ప్రయత్నం, నేమత్ తనే బంతితో మధ్యలోంచి దూరాడు. దాటానన్నాడు అతను, దాటలేదన్నారు రిఫరీలు. టెక్సస్ 21-17. ఓడిన జట్టులో ఉండి కూడా నేమత్‌కే ఉత్తమ ఆటగాడి బహుమతి వచ్చింది. ఆ ఏడాది చాంపియన్ పట్టం బౌల్‌కు ముందే బామాకు ఇచ్చేశారు కాబట్టి ఓడినా అది పోలేదు. మరుసటి ఏడాది, ఆ ఒక్కసారికి, ఏపీ ఓటింగ్‌ను బౌల్స్ తర్వాతకు మార్చింది. నాలుగో ర్యాంకుతో వెళ్లిన బామా, పైనున్న మిషిగన్ స్టేట్, ఆర్కన్సా ఓడిపోయి, తను నెబ్రాస్కాను 39-28తో కొట్టడంతో మళ్లీ చాంపియన్ అయింది.

యూమా దాటే వేళకు కొత్త సంవత్సరం. పెట్టెలో అందరూ మెల్లగా శుభాకాంక్షలు చెప్పుకుని మళ్లీ పడుకున్నారు.

జనవరి 1, 2024, సోమవారం – పసడీనా

చీకటి ఉండగానే యూనియన్ స్టేషన్‌లో దిగాం. ముఖాలు కడుక్కుని మెట్రో ఎక్కి పసడీనా వెళ్లేసరికి కొలరాడో వీధిలో పూల శకటాల ఊరేగింపుకు జనం కిక్కిరిసి ఉన్నారు. కాసేపు చూసి స్టేడియం బస్సు ఎక్కాం.

రోజ్ బౌల్ స్టేడియం 1922లో తెరిచారు. ఆట మాత్రం అంతకంటే పాతది, 1902లో మిషిగన్ స్టాన్‌ఫర్డ్‌ను 49-0తో ఓడించింది. అమెరికాలో మొట్టమొదటి బౌల్ గేమ్ అదే. బామా ఇక్కడ 1935లో స్టాన్‌ఫర్డ్‌ను 29-13తో ఓడించినప్పుడు డిక్సీ హోవెల్ విసిరితే డాన్ హట్సన్ పట్టేవాడు. రెండోవైపు అంచున ఆడిన కుర్రాడే బేర్ బ్రయంట్. 1946లో హ్యారీ గిల్మర్ ఉన్న జట్టు సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ)ని 34-14తో ఓడించింది. తర్వాత రోజ్ బౌల్‌ను రెండు కాన్ఫరెన్స్‌లు తమ మధ్యే ఒప్పందం చేసుకోవడంతో బామాకు దారి మూసుకుపోయింది. 2010 జనవరిలో టెక్సస్‌ను 37-21తో ఓడించిన చాంపియన్‌షిప్ ఈ మైదానంలోనే జరిగింది గానీ అది రోజ్ బౌల్ ఆట కాదు. టస్కలూసాలో ఆ రాత్రి వీధుల్లో పరిగెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. 2021 రోజ్ బౌల్ బామా ఆడింది గానీ కోవిడ్ వల్ల టెక్సస్‌కు మార్చారు. కాబట్టి పసడీనాలో బామా రోజ్ బౌల్ ఆడటం 1946 తర్వాత ఇదే మొదలు. ఎదురుగా శాన్ గాబ్రియెల్ కొండలు చూస్తూ ఈ లెక్కంతా చరణ్‌కు మళ్లీ చెప్పాను. ఒళ్లు జలదరించింది.

మనం దూరంగా తన్నిన బంతిని (పంట్) పట్టడంలో మిషిగన్ తడబడితే అది మనకు దొరికింది, జేస్ మెక్లెలన్ 34 గజాలు పరిగెత్తి మొదటి టచ్‌డౌన్ చేశాడు. తర్వాత మిషిగన్ రక్షణ మన క్వార్టర్‌బ్యాక్ జేలెన్ మిల్రోను ఊపిరాడనివ్వలేదు. ఆట మొత్తంమీద ఆరుసార్లు పడగొట్టారు. సగానికి 13-10 వాళ్లది. నాలుగో క్వార్టర్‌లో మెక్లెలన్ ఇంకొకటి, విల్ రైకార్డ్ 52 గజాల కిక్ కొట్టాడు, 20-13. కొండల మీద ఎండ దిగిపోయింది. ఇంకో ఆపుడు చాలు అనుకున్నాం. మిషిగన్ 75 గజాలు నడిచొచ్చింది. నాలుగో ప్రయత్నంలో బ్లేక్ కోరమ్ దొరికిపోతాడనుకుంటే తప్పించుకున్నాడు. 1 నిమిషం 34 సెకన్లు ఉండగా రోమన్ విల్సన్ టచ్‌డౌన్. 20-20. ఓవర్‌టైమ్‌లో రెండో ఆటకే కోరమ్ 17 గజాలు చీల్చుకుని వెళ్లాడు. 27-20.

ఇక మన వంతు. గోల్‌కు మూడు గజాలు, నాలుగో ప్రయత్నం. మిల్రో బంతితో సూటిగా మధ్యలోకి దూరాడు. గుంపు అతన్ని అక్కడే కప్పేసింది. నిన్న రైల్లో చెప్పుకున్న నేమత్ దూరిన చోటులాంటి చోటే.

పాస్ విసరాల్సిందని చరణ్ గంటసేపు వాదించాడు. నేను ఒప్పుకోలేదు. మిల్రో కాళ్లే ఈ జట్టును ఇక్కడిదాకా తెచ్చాయి, ఓడినా ఆ కాళ్లనే నమ్మడం సరైనదని నా అభిప్రాయం. 96,371 మంది నిండిన స్టేడియంలో సగం మంది పాటలు పాడుతుంటే బయటికి వచ్చాం. బస్సు క్యూలో మిషిగన్ వాళ్లు చేయి కలిపి, బాగా ఆడారన్నారు. ఫోన్లో చూస్తే అటు సూపర్‌డోమ్‌లో వాషింగ్టన్ 37-31తో టెక్సస్ మీద గెలిచింది.

జనవరి 10, బుధవారం – ఇంట్లో

సేబన్ రిటైరయ్యాడని ఈ సాయంత్రం వార్త. బామాకు ఆరు చాంపియన్‌షిప్‌లు తెచ్చిన మనిషి ఆడించిన చివరి ఆట మేం చూసిందే. వార్త వచ్చిన రెండు నిమిషాలకు చరణ్ ఫోన్. విగ్రహాల వరస గురించి ఇద్దరం లెక్క చూసుకున్నాం. వేడ్‌కు బామాతో చివరి ఆట 1931 రోజ్ బౌల్, గెలుపు. బ్రయంట్‌కు 1982 లిబర్టీ బౌల్, గెలుపు. స్టాలింగ్స్‌కు 1997 జనవరి 1 అవుట్‌బ్యాక్ బౌల్, అదీ మిషిగన్ మీద, 17-14. బౌల్ ఓటమితో దిగిపోయింది వీళ్లలో సేబన్ ఒక్కడే. మిగిలిన ఫ్రాంక్ థామస్ ఆరోగ్యం చెడి 1946 సీజన్‌తో మానేశాడు, ఆ ఏడాది బౌల్ లేదు. ఆయన చివరి బౌల్ మాత్రం ఆ సంవత్సరం మొదటి రోజున పసడీనాలోనే జరిగింది, యూఎస్‌సీ మీద 34-14.